క్రియాటిన్ రిపోర్టు చూసి గుండె జారిందా? ముందు ఈ పనులు చేయండి

ఒడిశా సరిహద్దులో బతికే తెలుగువాళ్లకి క్రియాటిన్ (కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష) అన్న మాటంటే ఉన్న భయం హైదరాబాదు వాళ్లకి చెప్పినా అర్థం కాదు. పర్లాకిమిడి, కాశీనగర్, చికిటి, గిరిసోల వైపు ఉండే మనకి కవిటి, సోంపేట, కంచిలి, పలాస అంటే పటంలో ఊళ్లు కావు, చుట్టాల ఇళ్లు. ఆ ఊళ్లున్న ఉద్దానంలో షుగరు లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు దెబ్బతిన్నాయన్న మాట 1990ల నుంచీ వింటూనే ఉన్నాం. అందుకే ల్యాబ్ కాగితంలో 1.5 అంకె పక్కన ‘హై’ అని కనబడగానే ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు.

భయపడొద్దని చెప్తే వినేవాళ్లెవరూ లేరు, నేనూ చెప్పను. కానీ ఒకటి చూస్తూ వచ్చాను. చాలామందికి రిపోర్టులో ఉన్న జబ్బు కన్నా, ఆ రిపోర్టు వచ్చిన వారం పది రోజుల్లో భయంతో చేసే పనులే ఎక్కువ చేటు చేస్తాయి. బీపీ మాత్ర మానేస్తారు, ఎవరో చెప్పిన పసరు తాగుతారు, రోజుకి ఐదు లీటర్ల నీళ్లు పట్టిస్తారు, పప్పు మానేసి నీరసపడతారు. ఇవేవీ చేయకముందు ఏ వరుసలో ఏం చేయాలో చెప్తాను. నేను డాక్టరుని కాను. డాక్టరు దగ్గరికి సరిగ్గా తయారై వెళ్లడానికి మాత్రమే ఇది.

ముందుగా: ఇవాళే పరుగెత్తాలా, ఆగొచ్చా?

ఈ ఒక్కటీ రిపోర్టు చేతికొచ్చిన గంటలోనే తేల్చుకోండి. మూత్రం బాగా తగ్గిపోయినా, ఆయాసం వచ్చి పడుకోలేకపోతున్నా, ముఖం కాళ్లు ఒక్కసారిగా వాచినా, వాంతులు ఆగకపోయినా, మనిషి మత్తుగా పొంతన లేకుండా మాట్లాడుతున్నా ఇక చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి. రిపోర్టులో పొటాషియం 6 దాటినా అంతే, అది గుండె లయని చెడగొడుతుంది. రక్తం తీసినప్పుడు కణాలు చితికినా పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, నిజమే. కానీ అది తప్పుడు అంకె అని మనం ఇంట్లో కూర్చుని తేల్చకూడదు. వెంటనే మళ్లీ రక్తం ఇచ్చి, ఈసీజీ తీయించుకోవాలి.

ఇంకొకటి మన వైపు గట్టిగా గుర్తుంచుకోవాల్సింది. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో మలేరియా ఉంది. చలిజ్వరం మధ్యలోనో, పాము కరిచాకనో, వాంతులు విరేచనాలతో మనిషి వాడిపోయాకనో క్రియాటిన్ పెరిగితే అది కిడ్నీకి అప్పటికప్పుడు తగిలిన దెబ్బ. వేళకి వైద్యం అందితే చాలామందికి తిరిగి కోలుకుంటుంది, ఆలస్యం చేస్తే చేజారిపోతుంది. పోయిన నెల 1 ఉన్నది ఈ నెల 3 అయినా అదే తొందర.

ఇవేవీ లేవా? అయితే మీకు టైముంది. తర్వాతి పని నింపాదిగా చేయొచ్చు.

కాగితాన్ని మళ్లీ చదవండి, ఈసారి క్రియాటిన్ ఒక్కటే కాదు

క్రియాటినిన్ అనేది కండ అరుగుదల నుంచి వచ్చే వ్యర్థం. కండ ఎక్కువున్నవాడికి కాస్త ఎక్కువే ఉంటుంది. మామూలుగా మగవాళ్లకి 0.7 నుంచి 1.3, ఆడవాళ్లకి 0.6 నుంచి 1.1 మిల్లీగ్రాముల దాకా ల్యాబులు సాధారణం అని రాస్తాయి, ల్యాబు మారితే ఈ హద్దులు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

కానీ ఈ అంకెకి మీ వయసు తెలియదు, ఆడో మగో తెలియదు. వాటిని కలిపి లెక్క వేస్తే వచ్చేదే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తం వడకడుతున్నాయన్న అంచనా. తేడా చూడండి. క్రియాటిన్ 1.2 ఉన్న పాతికేళ్ల కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ 86 దాకా వస్తుంది, కంగారేమీ లేదు. అదే 1.2 అరవై ఐదేళ్ల ఆవిడకి ఉంటే 50 దగ్గర తేలుతుంది. కొన్ని ల్యాబుల్లో ఆవిడ కాగితం మీద ‘హై’ అని కూడా పడదు! నన్నడిగితే ఏడుస్తూ పరుగెత్తేవాళ్ల కన్నా, గుర్తు లేదు కదా అని కాగితం మడిచి దాచేసే పెద్దావిడల గురించే ఎక్కువ దిగులు పడాలి.

మీ కాగితంలో ఈజీఎఫ్ఆర్ లేకపోతే ల్యాబు వాళ్లని అడగండి, ఫోనులోనైనా లెక్క కట్టొచ్చు. సీకేడీ-ఈపీఐ 2021 సూత్రం అని వెతికి వయసు, ఆడో మగో, క్రియాటినిన్ కొడితే వస్తుంది. 90 పైన మొదటి దశ, 60 నుంచి 89 రెండోది, 30 నుంచి 59 మూడోది, 15 నుంచి 29 నాలుగోది, 15 లోపు ఐదోది. అయితే మొదటి రెండు దశలనీ జబ్బు అనాలంటే మూత్రంలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక మాంసకృత్తు) పోవడమో, స్కానింగులో తేడానో ఇంకో రుజువు ఉండాలి. ఉత్త 75 చూసి రెండో దశ కిడ్నీ జబ్బు అని ఎవరైనా అంటే నమ్మకండి.

సన్నగా, ఎండిపోయినట్టు ఉండే కూలీ మనుషుల్లో క్రియాటిన్ ఉన్నదాని కన్నా తక్కువ చూపించి మోసం చేయొచ్చు, కండే లేదు కాబట్టి. అలాంటివాళ్ల విషయంలో అనుమానం ఉంటే సిస్టాటిన్-సి అనే పరీక్ష ఉంది, డాక్టరుని అడగండి. యూరియా ఒక్కటే పెరిగి క్రియాటిన్ బాగుంటే చాలాసార్లు నీళ్లు తక్కువైనందుకే అయి ఉంటుంది.

మళ్లీ పరీక్ష చేయించండి, కానీ తయారై వెళ్లండి

దీర్ఘకాల కిడ్నీ జబ్బు అని పేరు పెట్టాలంటే ఆ తేడా మూడు నెలలకి పైగా నిలవాలి. ఒక్క కాగితంతో ఎవరూ ఆ మాట అనకూడదు. ఈజీఎఫ్ఆర్ మొదటిసారి 60 లోపు వస్తే రెండు వారాల్లోపు మళ్లీ ఒకసారి, అది నిలకడగా ఉంటే మూడు నెలలకి ఇంకోసారి.

మా వీధిలో ఒక మావయ్యకి యాభై ఎనిమిదేళ్లు. ఏప్రిల్‌లో క్రియాటిన్ 1.5 వచ్చింది, లెక్క కడితే ఈజీఎఫ్ఆర్ 54. కాగితం నా చేతిలో పెట్టి, “ఏరా, నాకూ ఉద్దానం రోగమే పట్టిందంటావా?” అన్నాడు. గొంతు వణుకుతోంది. ముందు రోజులన్నీ ఏం చేశావు మావయ్యా అని అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. పొద్దుట్నుంచి జీడితోటలో పిక్కలు ఏరడం, పట్టుకెళ్లింది ఒక్క సీసా నీళ్లు. మోకాళ్ల నొప్పికి మందుల షాపువాడు కాగితంలో చుట్టిచ్చిన మాత్రలు పూటకొకటి. పరీక్ష ముందు రాత్రి మేనల్లుడు వచ్చాడని వేటమాంసం. ఆ మాత్రలు మానిపించి, రెండు వారాలాగి, మాంసం లేకుండా, కడుపునిండా నీళ్లు తాగి వెళ్తే 1.2 వచ్చింది. అందరికీ ఇలా దిగుతుందని కాదు, కొందరికి దిగదు. దిగకపోయినా అప్పుడు ఆ అంకెని నమ్మొచ్చు.

కాబట్టి పరీక్షకి ముందు రోజు మాంసం వద్దు. ఎండలో బరువు పనులు, జిమ్ములో బరువులెత్తడం ఒకటి రెండు రోజులు ఆపండి. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు కండల కోసం క్రియేటిన్ అనే వేరే పొడి తాగుతుంటే ఆ మాట ఇంట్లో దాచినా డాక్టరు దగ్గర దాచొద్దు. నీళ్లు మామూలుగా తాగండి. జ్వరం తగ్గేదాకా ఆగండి. ముందు చేయించిన ల్యాబులోనే చేయించండి, ఎందుకంటే పద్ధతి మారితే 0.1, 0.2 తేడా ఊరికే వస్తుంది. ఆ కాస్త తేడాకి ఒక ఇల్లు సంతోషపడటం, ఇంకో ఇల్లు కుంగిపోవడం నేను చూశాను, రెండూ అనవసరమే.

మూత్రం పరీక్ష అడిగి రాయించుకోండి

మన చిన్న ఊళ్లలో ఎక్కువగా రాయనిది ఇదే. ఏసీఆర్ అంటారు, మూత్రంలో ఆల్బుమిన్‌కీ క్రియాటినిన్‌కీ నిష్పత్తి. పొద్దున్నే మొదటి మూత్రం ఇస్తే మంచిది. 30 లోపు బాగున్నట్టు, 30 నుంచి 300 మధ్య ఉంటే జాగ్రత్త, 300 దాటితే కిడ్నీ డాక్టరు చూడాల్సిందే. జ్వరం, మూత్రంలో మంట, నెలసరి ఉన్న రోజుల్లో ఇస్తే తప్పు చూపిస్తుంది.

ఒక్క మెలిక ఉంది. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ఆల్బుమిన్ చాలాసార్లు తక్కువే పోతుంది, వాపులూ తొందరగా రావు. కాబట్టి తోటల్లో, పొలాల్లో పని చేసినవాళ్లు ఏసీఆర్ బాగుందని క్రియాటిన్ సంగతి వదిలేయకూడదు. ఆ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. నీళ్లలో సిలికా అని, పురుగుమందులని, భారలోహాలని, ఎండలో ఒళ్లు ఎండిపోవడమని, నొప్పి మాత్రలని రకరకాలుగా వెతుకుతూనే ఉన్నారు.

పనిలో పనిగా కడుపు స్కానింగు, హిమోగ్లోబిన్, షుగరు, బీపీ కూడా. పెద్దవాళ్లలో కిడ్నీ పొడవు సుమారు 9 నుంచి 12 సెంటీమీటర్లు ఉంటుంది. చిన్నబడ్డాయంటే జబ్బు పాతదన్నమాట.

మందుల సంచి బల్ల మీద బోర్లించండి

ఇంట్లో ఉన్న ప్రతి మాత్ర, ప్రతి సీసా, ప్రతి పొట్లం. నొప్పి మాత్రల నుంచి మొదలుపెట్టండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ పేర్లు రేకు వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి, పైన కంపెనీ పేరు ఏదైనా కావచ్చు. ఇవి ఆపాలి. నొప్పి ఉంటే పారాసెటమాల్ ఎంత వేసుకోవచ్చో డాక్టరుని అడగండి. షాపులో రేకు కత్తిరించి పేరు కనబడకుండా ఇస్తే తీసుకోకండి. ఏళ్ల తరబడి పరగడుపున మింగుతున్న గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని కూడా అడగండి.

ఇక నాటుమందులు. ఇక్కడ మొహమాటం పనికిరాదు. గాడిదగడప, ఈశ్వరి జాతి మొక్కల్లో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది, అది కిడ్నీని పాడు చేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సరు కూడా తెస్తుంది. ఇది ప్రపంచమంతా రుజువైన సంగతి. భస్మాల్లో సీసం, పాదరసం దొరికిన ఉదంతాలూ ఉన్నాయి. సంతలో క్రియాటిన్ దింపుతానని పొట్లం ఇచ్చే మనిషిని అందులో ఏముందని అడిగి చూడండి. చెప్పడు. చెప్పనిది మింగకండి.

దీనికి పూర్తిగా తిరగబడిన తప్పు ఇంకోటి. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు కిడ్నీని కాపాడటానికే ఇస్తారు. మొదలుపెట్టిన కొత్తలో క్రియాటిన్ కాస్త పెరగడం మామూలే, 30 శాతం దాకా పెరిగినా సాధారణంగా కొనసాగిస్తారు. అది చూసి “ఈ మాత్రతోనే కిడ్నీ పాడైంది” అని మానేస్తారు మనవాళ్లు. అడగకుండా మానకండి. ఒళ్లు తెలియని జ్వరమో, వాంతులు విరేచనాలో పట్టుకున్న రోజుల్లో మాత్రం ఈ మాత్రలు, నీరు తీసే మాత్రలు, మెట్‌ఫార్మిన్ తాత్కాలికంగా ఆపాలా అని ఫోను చేసి కనుక్కోండి. మెట్‌ఫార్మిన్‌ని ఈజీఎఫ్ఆర్ 45 లోపుకి వస్తే తగ్గిస్తారు, 30 లోపు అయితే ఆపేస్తారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు షుగరు లేని కిడ్నీ రోగులకి కూడా ఇస్తున్నారు, మీకు పనికొస్తుందేమో అడగండి.

తిండి: ఉప్పు తగ్గించండి, మిగతావి అడక్కుండా మానకండి

ఉప్పు రోజంతా కలిపి 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక చిన్న చెంచాడు. మన ఇళ్లలో అది కూరలోనే అయిపోతుంది. ఆపైన ఆవకాయ, ఎండుచేపలు, అప్పడం, చద్దన్నంలోనో పఖాళలోనో చిటికెడు. ఎండుచేప మానమంటే కష్టమే, కనీసం వారానికోసారికి తీసుకురండి. సైంధవ లవణం కూడా ఉప్పే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, పొటాషియం ఎక్కువున్నవాళ్లకి అది ప్రమాదం.

కొబ్బరినీళ్ల సంగతి మన వైపు చెప్పితీరాలి. ఒంటికి మంచిదని ప్రతి చుట్టమూ రెండు బొండాలు పట్టుకొస్తాడు. పొటాషియం మామూలుగా ఉంటే గొడవ లేదు. 5 దాటి ఉంటే, లేక ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉంటే ఆ బొండాలు పక్కింటి పిల్లలకి ఇచ్చేయండి. ఒడియావాళ్లు కరమంగా అనే స్టార్ ఫ్రూట్ అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు, అది మెదడుకి విషమై ఎక్కిళ్లు, ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి.

పప్పు, గుడ్డు పూర్తిగా మానకండి. కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాముల మాంసకృత్తులు అన్నది కిడ్నీ జబ్బు ఖాయమైనవాళ్లకి చెప్పే లెక్క. యాభై కిలోల మనిషికి 40 గ్రాములు, మన ఇళ్లలో చాలామంది అంత కూడా తినరు. చోడి అంబలి మానాలా అంటే, పొటాషియం, ఫాస్ఫరస్ అంకెలు చూడకుండా ఎవరూ చెప్పలేరు.

నీళ్లతో కిడ్నీ కడుక్కోవడం కుదరదు. దాహానికి, పనికి తగ్గట్టు తాగండి, ఎండలో పని చేస్తుంటే దాహం వేయకముందే గుక్కెడు. వాపులు, గుండె జబ్బు ఉంటే డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నీళ్లలో కరిగిన సిలికా, లోహాలు పోవు.

ఎక్కడికి, ఏం పట్టుకుని వెళ్లాలి

మొదటి చూపు ఊళ్లో ఫిజీషియన్ చాలు. ఈజీఎఫ్ఆర్ 30 లోపు, ఏసీఆర్ 300 పైన, మూత్రంలో రక్తం, ఏడాదిలో ఈజీఎఫ్ఆర్ 5 కన్నా ఎక్కువ పడిపోవడం, ఎన్ని మందులేసినా లొంగని బీపీ, వీటిలో ఏది ఉన్నా నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, కావాలి. మన వైపు వాళ్లు ఎక్కువగా బరంపురం ఎంకేసీజీ మెడికల్‌కో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్తారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. జయపురం, కోరాపుట్ వాళ్లకి దగ్గరలో ఎస్‌ఎల్‌ఎన్ మెడికల్ కాలేజీ ఉంది. ఏదైనా సరే, కిడ్నీ ఓపీ ఏయే రోజుల్లో ఉందో ఫోను చేసి కనుక్కున్నాకే రైలెక్కండి. తెల్లారుజామున బయల్దేరి వెళ్లాక “నెఫ్రో సార్ ఇవాళ లేరు” అనిపించుకోవడం కన్నా విసుగు ఇంకోటి లేదు.

ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ కార్డు నడుస్తోంది, కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఆంధ్రాలో చూపించుకోవాలంటే ఆ ఆసుపత్రి ఈ కార్డు తీసుకుంటుందో లేదో ముందే అడగండి, ఓపీ ఖర్చులు ఇందులో రావు. ఆంధ్రా కార్డుకి వచ్చే సాయాలు ఒడిశా కార్డున్నవాళ్లకి రావు. దాని కోసం రెండు వైపులా పేరు రాయించుకునే తంటాలు పడొద్దు.

పట్టుకెళ్లాల్సినవి పాత రిపోర్టులన్నీ, దొరికితే అయిదేళ్ల కిందటివైనా. నిరుడు ఆపరేషన్‌కి ముందు తీసిన రక్తపరీక్ష ఇప్పుడు బంగారం, అప్పుడే ఎంతుందో తెలుస్తుంది కాబట్టి. ఒక పుస్తకంలో తేదీ, క్రియాటిన్, ఈజీఎఫ్ఆర్, ఏసీఆర్, పొటాషియం, బీపీ వరసలుగా రాసుకోండి. డాక్టరు ఒడియాలో అడిగినా ఆ పుస్తకం జవాబు చెప్తుంది. ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉంటే ఇంకో మాట: రాయని చేతి నరాల్లో సూదులు పొడవనివ్వకండి. రక్తం తీసేటప్పుడు రాసే చేతి అరచేతి వెనక భాగం చూపించండి. రేపెప్పుడైనా డయాలిసిస్ కోసం ఫిస్టులా (చేతిలో రక్తనాళాలు కలిపి చేసే దారి) పెట్టాల్సి వస్తే రాయని చేతి నరమే అక్కరకొస్తుంది.

రాత్రి నిద్ర పట్టకపోతే

ఫోనులో డయాలిసిస్ వీడియోలు చూడకండి. మూడో దశలో ఉండి మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా పోనివాళ్లలో ఎక్కువమంది డయాలిసిస్ దాకా వెళ్లనే వెళ్లరు, వాళ్లకి గుండె జబ్బు ముప్పే దానికన్నా ఎక్కువ. అందుకే బీపీ 130/80 లోపుంచడం, చుట్ట, బీడీ మానడం అంత ముఖ్యం.

ఇంట్లో ఒకరికి మొత్తం చెప్పండి, కాగితాలు వాళ్ల చేతిలోనే పెట్టండి. ఊరందరికీ చెప్పక్కర్లేదు. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఈ మాట ఎంత దూరం పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, రెండో పరీక్ష కూడా కాకుండా ఆ ముద్ర వేయించుకోకండి. అలాగని భార్య దగ్గరో భర్త దగ్గరో దాచొద్దు, వంట చేసేది, మందు గుర్తు చేసేది వాళ్లే. రెండు వారాలు దాటినా తిండి సయించక, నిద్ర లేక, పనికి వెళ్లబుద్ధి కాకపోతే ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి, దానికీ మందుంది.

ఇప్పుడు క్యాలెండరు దగ్గరికెళ్లి రెండో పరీక్ష తేదీకి సున్నా చుట్టండి. ముందు రోజు గడిలో ‘మాంసం వద్దు’ అని రాయండి. మూడు నెలల తర్వాతి పేజీ తిప్పి అక్కడ ఇంకో సున్నా.